గణిత సంఘం ఎవరి కోసం?

గణితశాస్త్రజ్ఞులకు జాతీయ సంఘం వొకటి వుండవలసిందే. ఆ మాటలో ఎవరికీ పేచీ లేదు. దాని పని ఏమిటన్న దగ్గరే పేచీ. మన విశ్వవిద్యాలయాల్లో వినిపించే జవాబు సులువైనది: ఏడాదికొక మహాసభ జరపడం, పరిశోధన పత్రికలు అచ్చు వేయడం, పెద్దల పేరిట స్మారకోపన్యాసాలు ఇప్పించడం. ఇంతకు మించి అడిగితే మొహం చిట్లిస్తారు. బడి సంగతి ప్రభుత్వం చూసుకోవాలట, ప్రజల సంగతి పార్టీలు చూసుకోవాలట, తమకు సిద్ధాంతాలు చాలునట. ఈ జవాబు తప్పు. తప్పని చూపడానికి దూరదేశాలకు పోనక్కరలేదు, భారత గణిత సంఘం పుట్టుకే చాలు.

ఆ సంఘం ఏ రాజధానిలోనూ పుట్టలేదు. 1907 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లా గుత్తిలో పుట్టింది. పుట్టించిన వి. రామస్వామి అయ్యర్ ఆచార్యుడు కాదు, అక్కడ డిప్యూటీ కలెక్టరు. పగలంతా సర్కారు కాగితాలతో సరిపోయినా గణితం మీద మమకారం చంపుకోలేని మనిషి. విదేశాల నుంచి వచ్చే గణిత పత్రికలు వొక్కడు కొనగలిగేవి కావు. పదిమంది చందా వేసుకుంటే కొనవచ్చు, కొన్నవాటిని తపాలాలో వొకరి నుంచి వొకరికి పంపుకుని చదువుకోవచ్చు. అదీ ఆయన ఆలోచన. ఉత్తరాలు రాసి ఇరవై మందిని కూడగట్టాడు. మొదట పెట్టుకున్న పేరు అనలిటిక్ క్లబ్. మద్రాసు ఇంజనీరింగు కాలేజీ ఆచార్యుడు బి. హనుమంతరావు తొలి అధ్యక్షుడయ్యాడు. పుస్తకాలు పూనాలోని ఫెర్గుసన్ కాలేజీలో చేరాయి. 1909లో పత్రిక, 1910లో ఇండియన్ మాథమెటికల్ సొసైటీ అన్న పేరు వచ్చాయి. అంటే, మన జాతీయ గణిత సంఘం పుట్టుకతో వొక సంచార గ్రంథాలయం. వొంటరిగా వున్న చదువరిని మరొక చదువరితో కలపడమే దాని మొదటి పని.

ఆ పత్రికలో ప్రశ్నల పేజీ వుండేది. ఎఫ్.ఏ. పరీక్ష తప్పిన కుంభకోణం యువకుడొకడు 1910లో రెవిన్యూ శాఖలో గుమాస్తా పని ఇప్పించమని రామస్వామి అయ్యర్ దగ్గరికి నోటుపుస్తకాలతో వచ్చాడు. అయ్యర్ ఆ పుస్తకాలు తిరగేసి, ఇతన్ని కచేరీలో పాతిపెట్టడం పాపమనుకుని, మద్రాసులోని గణిత మిత్రుల దగ్గరికి పంపాడు. 1911లో ఆ యువకుడు, శ్రీనివాస రామానుజన్, సంఘం పత్రికలో వొక ప్రశ్న వేశాడు: వొక వర్గమూలంలో మరొకటి, దానిలో ఇంకొకటి, అలా అంతు లేకుండా పోయే వర్గమూలాల వరుస విలువెంత? నెలలు గడిచినా ఎవరూ జవాబు పంపలేదు. చివరికి తానే చెప్పాడు, మూడు అని. అదే ఏడు బెర్నూలీ సంఖ్యల మీద ఆయన తొలి వ్యాసం కూడా అందులోనే అచ్చయింది. డిగ్రీ అడగని వొక పేజీ వుండబట్టి ఇది సాధ్యమయింది. రామానుజన్ జయంతికి దండలు వేసేవాళ్ళలో ఎందరు ఆ పేజీని తలుచుకుంటున్నారు?

హంగేరీలో ఇదే పని బడిపిల్లల దాకా పోయింది. డానియల్ అరాని అనే హైస్కూలు పంతులు 1894లో పిల్లల కోసం గణిత మాసపత్రిక నడపడం మొదలుపెట్టాడు. ఆ ఏడే అక్కడి గణిత, భౌతికశాస్త్ర సంఘం బడి ముగించిన పిల్లలకు పోటీ పెట్టింది. పాల్ ఎర్డిష్ చిన్ననాడు ఆ పత్రిక లెక్కలు చేసి పెరిగినవాడే.

ఇక మన దగ్గరికి వద్దాం. గుత్తిలో సంఘం పుట్టేనాటికి కరీంనగర్, ఆదిలాబాద్ నిజాం ఏలుబడిలో వున్నాయి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత గణితాన్ని ఉర్దూలో చెప్పింది. దాని అనువాద శాఖ అందుకు కావలసిన పుస్తకాలు, పరిభాష తయారు చేసింది. దేశభాషలో పెద్ద శాస్త్రం చెప్పలేమన్న వాదాన్ని ఆ పని ఎప్పుడో బద్దలు కొట్టింది. ఆ ఘనత ఒప్పుకోవలసిందే. కాని మంథని, జగిత్యాల పల్లెల్లోని రైతుకూలీ ఇంట అది ఇంటిభాష కాదు. ఉట్నూరు గోండు పిల్లకు తెలుగు సైతం కాదు. జోడెఘాట్‌లో 1940లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత గాని సర్కారుకు గోండుల గోడు చెవికెక్కలేదు. 1943లో హైమన్‌డార్ఫ్ పూనికతో మార్లవాయిలో గోండు పంతుళ్ళకు శిక్షణ మొదలయింది. నార్నూర్ వైపు గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండీ లిపికి సొంత అంకెలున్నాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. సొంత అంకెలు గల జనానికి లెక్క రాదనడం ఎవరి అజ్ఞానం?

నిజానికి ఈ జిల్లాల బతుకంతా లెక్కే. పాతిక బీడీల కట్టలు నలభై అయితే వెయ్యి. తునికాకు యాభై ఆకులు వొక కట్ట, వెయ్యి కట్టలు వొక స్టాండర్డు బస్తా. తరుగు పేరిట, కొసరు పేరిట ఎంత పోయిందో తేల్చి అడగలేని కూలి ఇంటికి తక్కువ డబ్బుతో పోతుంది. 1980 ప్రాంతంలో ఆకు రేటు కోసం ఈ అడవుల్లో జరిగిన పోరాటాలు సగం లెక్క మీద పోరాటాలే. లెక్కకూ రాజకీయానికీ సంబంధం లేదనే పండితుడు వొక్కసారి ఆకు కల్లం చూడాలి.

"అది అంకగణితం, మాది శుద్ధగణితం" అంటారేమో. శుద్ధగణితానికి హార్డీని మించిన భక్తుడు లేడు. తన గణితం ఎవరికీ పనికిరానిదని గర్వపడినవాడు. ఆ హార్డీయే 1924 నుంచి 1926 వరకు ఇంగ్లండులో శాస్త్ర కార్మికుల సంఘానికి అధ్యక్షుడుగా వున్నాడు. శుద్ధత సంఘజీవితానికి అడ్డు రాలేదు.

2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత మహాసభ హైదరాబాదులో జరిగింది. మన దేశంలో అదే మొదటిసారి. ప్రపంచం నలుమూలల నుంచి సుమారు మూడువేల మంది వచ్చారు. వియత్నాం బిడ్డ ఎన్‌గో బావో చౌకు అక్కడే ఫీల్డ్స్ పతకం అందింది. సంతోషించవలసిన సంగతే. అక్కడికి నూట అరవై కిలోమీటర్ల దూరాన వున్న కరీంనగర్‌కు ఆ సభ తర్వాత మిగిలిందేమిటి? 2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీ పిల్లలు, పల్లెల నుంచి లెక్కల మీద ఆశతో వచ్చినవాళ్ళు, శాశ్వత ఉపకులపతి కావాలని, చాలినంతమంది ఉపాధ్యాయులు కావాలని రోజుల తరబడి ఆరుబయట కూర్చున్నారు. వాళ్ళు అడిగింది చదువు. అలాంటి వేళ పక్కన నిలబడడం గణిత సంఘం పని కాదంటే, మరి దేని కోసం ఆ సంఘం?

పాఠ్యప్రణాళిక సంగతీ అంతే. వేదగణితం పేరిట చలామణీ అవుతున్న చిట్కాలకు వేదాల్లో ఆధారం లేదని ఎస్.జి. దానీ వంటి గణితజ్ఞులు ఏనాడో తేల్చి చెప్పారు. అయినా 2025లో యూజీసీ విడుదల చేసిన డిగ్రీ గణిత ముసాయిదాను వెనక్కి తీసుకోమని వందలాది గణితజ్ఞులు మళ్ళీ సంతకాలు పెట్టవలసి వచ్చింది. సంతకాలు మంచివే. కాని సంతకం చేసినవాడు రేపు తన శాఖలో వొంటరివాడవుతాడు. సంఘం తీర్మానం చేస్తే అతని వెనుక వొక వ్యవస్థ వున్నట్టు.

ఇన్ని పనులకు సొమ్ము ఎక్కడిదని అడుగుతారని తెలుసు. ముందు వొక్క పనితో మొదలుపెట్టమనండి. తెలుగులో నాలుగు పేజీల ప్రశ్నపత్రిక, మూడు నెలలకొకటి. కాగజ్‌నగర్, హుజూరాబాద్, ఆసిఫాబాద్, సిరిసిల్ల సర్కారు బడులకూ కాలేజీలకూ తపాలాలో పంపాలి. వీలైన ప్రశ్నలు గోండీలోనూ వేయాలి. పరిభాష లేదన్న సాకు కుదరదు, 1968లో పెట్టిన తెలుగు అకాడమీ డిగ్రీ దాకా పుస్తకాలు వేసి వుంచింది. ఇంటర్ కార్పొరేట్ కాలేజీలు ర్యాంకు కోసం రుద్దే రకం లెక్కలు అందులో వుండకూడదు, వారం రోజులు బుర్రలో నలిగేవి వుండాలి. జవాబు పంపిన పిల్ల పేరు, ఊరు, బడి పేరుతో సహా మరుసటి సంచికలో అచ్చు కావాలి. దీనికయ్యే ఖర్చు మహాసభ నాటి వొకపూట విందు ఖర్చును మించదు.