ఒంటరితనం అమెరికా సరుకు కాదు

గుడివాడలో మా బాబాయిగారికి ఒక అలవాటుంది. ఎవరి చేతిలో పుస్తకం కనిపించినా లాక్కుని అట్ట చూస్తారు. అట్ట చూడగానే తీర్పు చెప్పేస్తారు. లోపలి కాగితాల దాకా వెళ్ళే అవసరం ఆయనకి ఏనాడూ కలగలేదు.

మొన్న సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు, రైల్లో చదువుకుందామని నేను పట్టుకెళ్ళిన అమెరికన్ కథల పుస్తకం ఆయన కంటబడింది. ఇంకేముంది!

"ఈ వయసులో నీకివేం చదువులే, అమ్మాయీ? వాళ్ళకి పెళ్ళిళ్ళు నిలవవు. పిల్లలు దగ్గరుండరు. పక్కింటివాడి పేరు తెలీదు. అందుకని ప్రేమో ప్రేమో అని ఏడుస్తూ కథలూ కవిత్వాలూ రాసుకుంటారు. ఒంటరితనం అమెరికా జబ్బు. మనకి లేని జబ్బుకి మందుచీటీ మనకెందుకు?" అన్నారు.

పండక్కి చేరిన చుట్టాలంతా తలలూపారు. నేనూ అలవాటు కొద్దీ తలూపి, అరిసెలు డబ్బాలో సర్దడానికి లోపలికి పోయాను. తీరా బందరు రైలెక్కాక జవాబులు ఒకటొకటే తోచడం మొదలెట్టాయి. ఆడవాళ్ళకి జవాబులన్నీ గుడ్లవల్లేరు దాటాకే తోస్తాయి కాబోలు! ఎదురుగా చెప్పలేకపోయాను గనక ఇక్కడ చెబుతున్నాను.

మనకి ఒంటరితనం లేదంటారా, బాబాయిగారూ? మన కృష్ణాజిల్లా వాళ్ళమే ఆ మాటంటే ఎలా? మొవ్వలో పుట్టి పదిహేడో శతాబ్దంలో పదాలు కట్టిన క్షేత్రయ్య పాడిందంతా ఏమిటి? మువ్వగోపాలుడి కోసం ఎదురుచూసే ఆడదాని గోడు కాదూ? మొవ్వ పక్కనే కూచిపూడి. అక్కడి భామాకలాపంలో సత్యభామ అంత గడుసుదీ జడ పట్టుకుని, చివరికి మొగుడికి ఉత్తరం రాసుకుని కూచుంటుంది. ఆ పక్కనే కాజ. సెక్రటరీ నవల రాసిన యద్దనపూడి సులోచనారాణిగారి ఊరు. ఆ రాజశేఖరం కారు కోసం మా తరం అమ్మాయిలం ఎంతమందిమి వీధివైపు చెవులొగ్గి కూచున్నామో, ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గెందుకు?

అయితే ఒక్క సంగతి గమనించండి. మూడువందల ఏళ్ళ ఎడం ఉన్నా, మువ్వగోపాలుడికోసం చూసినా, రాజశేఖరం కోసం చూసినా మనవాళ్ళు చెప్పింది ఎదురుచూపు. దాన్ని మనం విరహం అన్నాం. వాడు రాలేదు గనక బాధ. వస్తే బాధ తీరిపోతుంది. నవల అయిపోతుంది. మంగళం పాడేస్తాం.

మరి వాడు వచ్చాక? రోజూ సాయంత్రం ఆరింటికి ఠంచనుగా వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఎదురు కుర్చీలోనే కూచున్నాక? అప్పుడు పుట్టే ఒంటరితనానికి మనం పేరు పెట్టలేదు. పేరు లేదు గనక ఆ జబ్బే లేదనుకున్నాం. నా పేచీ అంతా ఇక్కడే.

ఆ అమెరికా వాళ్ళు చేసిన పనల్లా వాడు వచ్చాక ఏమైందో కూడా రాయడం. కేట్ షోపెన్ అని ఒకావిడ. ఆరుగురు పిల్లల తల్లి, చిన్న వయసులోనే భర్త పోయినావిడ. 1894లో ఒక చిన్న కథ రాసింది. రైలు ప్రమాదంలో మొగుడు పోయాడని ఒక ఇల్లాలికి కబురొస్తుంది. ఏడుస్తుంది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. కిటికీలోంచి చూస్తూ ఉండగా, ఇక మీదట నా బతుకు నాదే కదా అన్న ఊహ తట్టి లోపల ఏదో తేలికపడుతుంది. గంట తిరక్కుండా ఆ మొగుడు నిక్షేపంలా ఇంటికొస్తాడు. ఆవిడ గుండె ఆగి పోతుంది. ఆనందం పట్టలేక పోయిందంటారు డాక్టర్లు.

ఈ కథ చెబితే బాబాయిగారు చెవులు మూసుకుంటారని నాకు తెలుసు. "మొగుడు పోతే సంతోషించిందా, హవ్వ!" అంటారు. కాని ఆ కథలో మొగుడు తాగుబోతు కాదు, కొట్టేవాడూ కాదు. ఆవిడంటే ఇష్టమున్న మనిషే. దుర్మార్గుణ్ణి పెట్టి రాస్తే మనం "పాపం!" అని పేజీ తిప్పేసేవాళ్ళం. మంచివాణ్ణి పెట్టింది గనకే మన గుండెల్లో ముల్లు దిగుతుంది.

పోనీ, ఓ.హెన్రీ కథ తీసుకోండి. 1905లో రాసిన ఆ క్రిస్మస్ కానుకల కథ మనలో చాలామందికి పాఠంగానే ఉండేది. డెల్లా తన జుట్టమ్మి మొగుడి గడియారానికి గొలుసు కొంటుంది. అతను గడియారమమ్మి ఆవిడ జుట్టుకి దువ్వెనలు కొంటాడు. ప్రేమంటే త్యాగం అని మాకు నోట్సు చెప్పారు, మేం రాసుకున్నాం, మార్కులొచ్చాయి. నలభై ఏళ్ళ కాపురం చేశాక మళ్ళీ చదివితే తెలిసింది, అందులో ఉన్నది త్యాగం కాదు, సరిసమానం. ఇద్దరూ పోగొట్టుకున్నారు. అదే మన ఇళ్ళల్లో అయితే డెల్లా జుట్టు అమ్మేసేది, ఆయనగారు గడియారం చూసుకుంటూ "ఇంకా వంట కాలేదా?" అనేవారు!

ఇక నేను ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానో చెప్పాలి.

1977 నవంబరు 19 అంటే మా వైపు వాళ్ళకి వేరే వివరం అక్కర్లేదు. ఆ ఉప్పెనలో సర్కారు లెక్క ప్రకారమే సుమారు పదివేలమంది పోయారు. నాగాయలంక వైపు నాకు వరసకి అక్కయ్య ఒకావిడ ఉండేది. ఆ రాత్రి ఆవిడ చేతిలోంచి రెండేళ్ళ పాప నీళ్ళలోకి జారిపోయింది. బావగారే వెతికి, ఆయనే మట్టి చేసి వచ్చారు. వచ్చి, కాళ్ళకి బురదతో అరుగుమీద కూచుని, పక్క మనిషితో చేలో ఉప్పునీరు ఎంతమేర నిలిచిందని మాట్లాడారట. ఆ మాట అక్కయ్య విన్నది.

తరవాత ఇంకో ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇల్లు కట్టారు. ఇంటినిండా అత్తలూ తోడికోడళ్ళూ మరుదులూ, ఏ పూటా పది విస్తళ్ళకి తక్కువ లేచేవి కావు. ఆ ఇంట్లో ఆవిణ్ణి ఒంటరిదని అనడానికి ఎవరికి నోరొస్తుంది?

బావగారు పోయిన ఏడాది నేను వెళ్ళి నాలుగు రోజులున్నాను. చింతపండు గింజ తీస్తూ ఏదో మాట్లాడుకుంటున్నాం. రాబర్ట్ ఫ్రాస్ట్ 1914లో అచ్చువేసిన ఒక పద్యం కథ గుర్తొచ్చి తెలుగులో చెప్పాను. పల్లెటూరి మొగుడూ పెళ్ళామూ. బిడ్డ పోయాడు. తండ్రే స్వయంగా గొయ్యి తవ్వి, ఆ మట్టి చెప్పులతోనే లోపలికొచ్చి, కంచె కర్రలు పుచ్చిపోవడం గురించి మాట్లాడాడు. ఆ మాట ఆవిడ క్షమించలేకపోయింది. అతనికి తన దుఃఖం ఎలా చెప్పాలో తెలీలేదు. ఆవిడ గడప దాటి వెళ్ళిపోబోతుంటే పద్యం ఆగిపోతుంది. ఫ్రాస్టుకి కూడా 1900లో నాలుగేళ్ళయినా నిండని కొడుకు పోయాడు.

అక్కయ్య చెయ్యి ఆగింది. చాలాసేపటికి అడిగింది.

"ఆ తరవాత ఆవిడ ఆయనకి అన్నం పెట్టిందా?"

"పద్యంలో అంతవరకు లేదక్కయ్యా."

"నేను పెట్టానే. నలభై ఏళ్ళు పెట్టాను." మళ్ళీ కాసేపాగి, "ఆ మనిషీ ఎక్కడో ఏడ్చే ఉంటాడు. నేను అడగలేదు," అంది.

ఆవిడ ఎప్పుడూ అమెరికా వెళ్ళలేదు. ఇంగ్లీషు అక్షరం రాదు. తన మనసులో నలభై ఏళ్ళు దాచుకున్నది ఎక్కడో మంచుదేశంలో ఒక రైతు ఇంట్లోనూ జరిగిందని తెలిశాక గాని ఆవిడకి నోరు పెగల్లేదు. ఇప్పుడు చెప్పండి, ఆ మందుచీటీ మనకెందుకని!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఉమ్మడి ఇల్లు ఆవిణ్ణి బతికించింది. ఉప్పెన తరవాత వారాల తరబడి తోడికోడళ్ళే ఆవిడ నోట్లో ముద్ద పెట్టారు. అది చిన్న విషయం కాదు. అలాగే మన సాహిత్యానికి దుఃఖం తెలీదనీ నేననను. నందమూరులో పుట్టి, మా బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పిన విశ్వనాథ సత్యనారాయణగారు భార్య పోతే వరలక్ష్మీ త్రిశతి రాశారు. కాని అదీ పోయిన మనిషి కోసం పడిన బాధే. నేనడిగేది ఉన్న మనిషి గురించి. చుట్టూ జనం ఉండటం వేరు, మన మాట అందే మనిషి ఉండటం వేరు. మొదటిది చూపించి రెండోది అక్కర్లేదనడం అన్యాయం.

ఇంకో తప్పు కూడా దిద్దాలి. ఒంటరిగా ఉన్నవాళ్ళంతా రోగులు కారు. ఎమిలీ డికిన్సన్ పెళ్ళి చేసుకోలేదు. చివరి కాలమంతా పుట్టింటి గడప దాటలేదు. రొట్టెలు కాల్చింది, తోట పెంచింది, కవర్ల వెనకా వంటచీటీల వెనకా కవిత్వం రాసుకుంది. 1886లో ఆవిడ పోయాక చూస్తే దగ్గర దగ్గర పద్ధెనిమిది వందల కవితలు! బతికుండగా అచ్చయినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మనలో ఎంతమంది పాలపద్దు పుస్తకాల చివరి పేజీల్లో ఏం రాసుకుని చింపేశారో ఎవరికి తెలుసు? అందుకే అంటున్నాను, చింపకండి. మీ పక్కనున్న మనిషి చదివినా చదవకపోయినా, చింపకండి.

చివరగా ఒక మాట. మా బాబాయిగారిది రెండంతస్తుల మేడ. కొడుకులిద్దరూ అమెరికాలోనే. పై వాటాకి ఎప్పుడూ తాళం. పిన్ని పోయి ఆరేళ్ళయింది. పండగ మూడు రోజులూ అయి మేమంతా సామాన్లు సర్దుకుంటూంటే, ఆయన టీవీ గొంతు పెంచి, చూడకుండా, వీధివైపు తిరిగి కూచున్నారు.

ఈ కాగితం అచ్చయ్యాక నేనే గుడివాడ పట్టుకెళ్ళి చదివి వినిపిస్తాను. కోప్పడతారని తెలుసు. కోప్పడనీండి. కోప్పడ్డానికైనా ఎదురుగా ఒక మనిషుండాలి కదా!