పాత బండి – పత్రాల విలువ

విజయవాడ జాతీయ రహదారి, 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి కలిసేచోట పెద్ద అంబర్‌పేట్ ఉంది. ఇక్కడి మధ్యతరగతి కుటుంబానికి, వృద్ధులతో పిల్లలతో పండుగకు సొంత ఊరు చేరడానికి, ఏడుగురు కూర్చోగల బండి విలాసం కాదు. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు గనుక సెకండ్‌హ్యాండ్ బొలెరో, స్కార్పియో, ఇన్నోవాల వైపు చూపు మళ్లుతుంది.

కొనేవారు రంగును, సీటు కవర్లను, మీటరులోని అంకెను చూసి మురిసిపోతారు. మీటరును వెనక్కి తిప్పడం కొందరికి వెన్నతో పెట్టిన విద్య! పెడళ్ల మీది రబ్బరు అరుగుదలయే అంతకంటె నమ్మదగిన సాక్షి. ముందే వేడెక్కిన ఇంజను తన లోపాలను దాచగలదు. కాబట్టి చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించి, తెలిసిన మెకానిక్‌కు చూపించాలి. చట్రంలో వెల్డింగు అతుకులుంటే ధర ఎంత తగ్గించినా ఆ బండిని వదులుకోవడమే మేలు.

ఇంతటి శ్రద్ధ వహించినవారు సైతం పత్రాల విషయంలో ఉదాసీనులవుతారు. ఆర్.సి.లోని ఇంజను, ఛాసిస్ నంబర్లను బండి మీది వాటితో పోల్చి చూడరు. పాత అప్పు తీరినట్లు ఫైనాన్సు సంస్థ ఇచ్చే పత్రాన్ని అడగరు. 29, 30 నంబర్ల ఫారాలపై సంతకాలు తీసుకొని, పేరు మార్పిడిని నెలల తరబడి వాయిదా వేస్తారు. ఇది అమ్మినవారికీ ముప్పే. 2007లో అమ్ముడైన ఒక కారు మరికొన్ని చేతులు మారి 2009లో ప్రమాదం చేసింది. రిజిస్టరులో తొలి యజమాని పేరే ఉన్నందున పరిహార బాధ్యత ఆయనదేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. పేరు మారేవరకు సొమ్ములో కొంత నిలిపి ఉంచుతామని కొనేవారు అడిగితే, అమ్మేవారు దానిని అవమానంగా భావించనక్కరలేదు.