పరుపు మందు కాదు

శరీరమనే ఇంటిని నిలిపే మూడు ఉపస్తంభాలుగా ఆహారాన్ని, నిద్రను, బ్రహ్మచర్యాన్ని చరక సంహిత పేర్కొన్నది. వీటిలో ఆహారాన్ని గురించి మన ఇళ్లలో విచారణకు లోటు లేదు. బియ్యం పాతవేనా అని అడుగుతాము. నేతిని వాసన చూడనిదే కొనము. కాని ప్రతి రాత్రి ఏడెనిమిది గంటలసేపు మన వెన్నెముకకు ఆధారమయ్యే పరుపును మాత్రం పైగుడ్డ రంగు చూసి, అమ్మకందారు మాట విని ఇంటికి తెచ్చుకుంటున్నాము. ఇది ఏమాత్రం సమంజసం కాదని నా అభిప్రాయం.

ఈ మధ్య నడుమునొప్పితో బాధపడే పలువురు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది: "లేటెక్స్ పరుపు కొంటే నొప్పి తగ్గుతుందా?" ఈ ప్రశ్న వెనుక ఎంతో ఆశ ఉన్నది. నెలల తరబడి కూడబెట్టిన డబ్బు కూడా ఉన్నది. అందుచేత సమాధానం సూటిగా చెప్పవలసి ఉన్నది. మంచి పరుపు నిద్రకు సహాయకారి. అది మందు కాదు.

ఆయుర్వేదం పేరుతో అమ్మకం

కొన్ని పరుపులపై "ఆయుర్వేద", "ఆర్థోపెడిక్" అనే ముద్రలు కనిపిస్తున్నవి. లేటెక్స్ అనగా రబ్బరు చెట్టు పట్టకు గాటు పెట్టినప్పుడు కారే పాలు. ఆ చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ అరణ్యం. బ్రిటిష్ వారి పాలనాకాలంలో అది మన దేశానికి వచ్చింది. నేడు కేరళలో విస్తారంగా సాగవుతున్నది. చరక సుశ్రుతులు చూడని చెట్టు పాలకు వారి శాస్త్రం పేరు తగిలించడం న్యాయం కాదు.

పైగా ఆ పాలు ఉన్నవి ఉన్నట్లుగా పరుపు కావు. వాటిని నురగ వచ్చేలా గిలకొట్టి, గంధకము మొదలైనవి కలిపి, అచ్చులో పోసి, వేడి ఆవిరితో ఉడికిస్తారు. ఇందులో దోషమేమీ లేదు. గంధకం చేరనిదే రబ్బరుకు సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే గుణం నిలవదు. కాని "పూర్తిగా ప్రకృతిసిద్ధం" అనే మాట విన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నిద్ర పట్టడానికి చరకుడు సూత్రస్థానం 21వ అధ్యాయంలో పలు ఉపాయాలు చెప్పాడు. అభ్యంగం, స్నానం, పాలు, మనస్సుకు హితమైన పరిమళాలు, ఇంపైన ధ్వనులు, వీటితోపాటు చక్కగా పరచిన పడక. అనగా పడక అనేక ఉపాయాలలో ఒకటి మాత్రమే. అర్ధరాత్రి దాకా టీవీ, సెల్‌ఫోను చూస్తూ, పొద్దుపోయాక భోంచేసేవారికి ఎంత ఖరీదైన పరుపూ నిద్రను కొనిపెట్టలేదు.

గట్టి పడకే మేలా?

నడుము నొప్పి అనగానే "కటిక నేల మీద పడుకో" అని సలహా చెప్పడం మనకు పరిపాటి. దీనిని నేను సమర్థించను. దీర్ఘకాలిక నడుమునొప్పి గల 313 మందిపై స్పెయిన్ దేశంలో జరిగిన పరిశోధన 2003లో "లాన్సెట్" పత్రికలో వెలువడింది. మిక్కిలి గట్టి పరుపుల మీద పడుకున్నవారి కంటే మధ్యరకం గట్టిదనం గల పరుపుల మీద పడుకున్నవారికి ఎక్కువ ఉపశమనం కలిగిందని అందులో తేలింది.

కారణం సులభంగానే బోధపడుతుంది. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు భుజము, తుంటి కొద్దిగా లోనికి దిగాలి, నడుము కుంగకూడదు. మరీ గట్టి పరుపు మొదటి పని చేయదు. మరీ మెత్తని పరుపు రెండవ పని చేయదు. మంచి లేటెక్స్ ఈ రెండింటినీ సాధించగలదు. దాని ప్రయోజనం ఇదే.

కనుక అంగడిలో అరచేతితో నొక్కి చూసి ఊరుకోకండి. మొహమాటపడక మీరు రోజూ పడుకునే భంగిమలో పదిహేను నిమిషాలు పడుకోండి. వెల్లకిలా పడుకున్నప్పుడు నడుము కింద అరచేయి సునాయాసంగా దూరి ఇంకా ఖాళీ మిగిలితే ఆ పరుపు మీకు గట్టిది. పిరుదులు గుంటలో దిగినట్లుంటే మెత్తది. బక్కపలుచని మనిషికి సరిపోయినది స్థూలకాయునికి సరిపోదు.

తూకం చెప్పే నిజం

లేటెక్స్ పేరుతో అమ్మేవి పలు రకాలు. కొన్నింటిలో పైన ఒకటి రెండు అంగుళాలే లేటెక్స్, లోపల సాధారణ ఫోమ్ లేదా కొబ్బరిపీచు. మరికొన్నింటిలో పెట్రోలియం నుంచి తీసిన కృత్రిమ రబ్బరు కలుస్తుంది. గొలుసు తీసి లోపలి పొరలు చూపమని అడగండి.

ఒక చిన్న లెక్క చేయండి. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం గల పరుపు పరిమాణం ఘనమీటరులో నాలుగవ వంతు ఉంటుంది. లేటెక్స్ సాంద్రత ఘనమీటరుకు 70 నుంచి 80 కిలోలు అనుకుంటే ఆ పరుపు 17 నుంచి 20 కిలోలు తూగాలి. సాంద్రత 32 ఉన్న ఫోమ్ అయితే 8 కిలోలే తూగుతుంది. బరువు పెరగడానికి సుద్దపొడి వంటివి కలిపే అవకాశం ఉన్నది కాబట్టి తూకం ఒక్కటే చాలదు. పిడికిలితో అదిమి వదిలినప్పుడు వెంటనే పైకి రావాలి. వేలితో గట్టిగా రుద్దితే పొడి రాలకూడదు.

మన అలవాట్లు, దాని స్వభావం

దూది పరుపును ఎండలో వేయడం మన పెద్దలు నేర్పిన మంచి అలవాటు. లేటెక్స్‌కు అదే శత్రువు. ఎండ తగిలితే రబ్బరు పెళుసై పొడిపొడిగా రాలుతుంది. నీడలో, గాలి పారే చోట నిలబెట్టాలి.

నూనె కూడా దానికి పడదు. నడుముకు మహానారాయణ తైలం రాసుకొని అలాగే పడుకుంటే దుప్పటి గుండా దిగిన నూనె రబ్బరును ఉబ్బజేసి బలహీనపరుస్తుంది. తైలం రాసుకొన్న తరువాత వేడినీటి స్నానం చేయండి. కుదరనప్పుడు మందమైన పాత దుప్పటి మడతలు వేసి పరచండి.

కుంగిన నులక మంచం, నవారు మంచం మీద లేటెక్స్ పరుపు వేస్తే అది కూడా కుంగుతుంది. చదునైన చెక్క మంచం కావాలి. గాలి ఆడేందుకు చెక్కల మధ్య సన్నని సందులుండాలి. లేకుంటే చెమట తేమ కింద చేరి బూజు పడుతుంది.

రబ్బరు తొడుగుల వలన దద్దురు, ఆయాసం వచ్చేవారు వైద్యుని అడగకుండా ఈ పరుపు కొనరాదు. మంచాన పడిన రోగికి ఏ పరుపు వేసినా రెండు గంటలకొకసారి పక్క మార్చడం మానకూడదు. నడుమునొప్పి కాలిలోకి దిగి తిమ్మిరి, నీరసం కలిగినా, మూత్రం పట్టు తప్పినా పరుపుల అంగడికి గాక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

స్తోమతు లేనివారు చిన్నబోవలసిన పని లేదు. మా ఇంట నేటికీ దూది పరుపులే. దూది ఉండలు కట్టినప్పుడు ఏకించి మళ్లీ కుట్టిస్తే పరుపు కొత్తదవుతుంది. లేటెక్స్‌కు ఆ సౌకర్యం లేదు. ఒకసారి పాడైతే పారవేయవలసినదే. అందుకే కొనేటప్పుడే జాగ్రత్త అవసరం. లేటెక్స్ పాలు ఎంత, సాంద్రత ఎంత, మందమెంత, ఎన్ని సంవత్సరాలలో ఎంత కుంగితే మార్చి ఇస్తారు అనే నాలుగు సంగతులు బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి వెనుకాడే అంగడిలో ఎంత తగ్గింపు ఇచ్చినా కొనకండి.