ముందు బ్రేకు పట్టకూడదా?

బండి నేర్చుకునే ప్రతి ఆడపిల్లా వినే మొదటి ఉపదేశం ఒకటుంది. ‘‘ముందు బ్రేకు మాత్రం పట్టుకోకమ్మా, పల్టీ కొడతావ్!’’ నాన్న చెప్తాడు, అన్నయ్య చెప్తాడు, పెళ్లయ్యాక ఆయన చెప్తారు. నేనూ ఏళ్ల తరబడి ఆ మాటని మంత్రంలా నమ్మాను. కుడిచేతి దగ్గర ఒక బ్రేకు ఉందన్న సంగతే మర్చిపోయి, ఎడమచేతి బ్రేకుతోనే బడికీ, బజారుకీ, ఆస్పత్రికీ తిరిగేశాను.

వానాకాలంలో ఒక సాయంత్రం నీళ్లు నిండిన గుంటలో స్కూటర్ ముందు చక్రం దభీమని పడింది. నేను పడలేదు, అదృష్టం. తెల్లారి చూస్తే టైరులో గాలి లేదు. పంక్చర్ షాపతను సబ్బునీళ్లు పోసి చూసి, ‘‘పంక్చర్ కాదు మేడమ్, రిమ్ము సొట్టపోయింది. అంచులోంచి గాలి పోతోంది’’ అన్నాడు. బండిని మెకానిక్ దగ్గరికి తోయించాను. అతను చక్రం తిప్పి చూసి, ‘‘సార్ నంబరివ్వండి మేడమ్, ఆయనతో మాట్లాడి చేసేస్తా’’ అన్నాడు.

బండి నాది. ఆర్సీ నా పేరు మీదే ఉంది. డబ్బు నా పర్సులోంచే పోవాలి. అయినా ఫోను మావారికి వెళ్లింది. పనిలో ఉన్నారు పాపం, ‘‘ఏదో ఒకటి చూసి తక్కువలో అయ్యేలా చెయ్యి బాబూ’’ అనేశారు. ఆయన్ని తప్పు పట్టను. ఆ చక్రం మీద రోజూ కూర్చునేది ఆయన కాదుగా! కానీ నేనూ, నా వెనక కూర్చునే నా కూతురూ ఏ చక్రం మీద తిరగాలో ఆ ఒక్క మాటతో తేలిపోయింది. అప్పుడు నాకు ఒళ్లు మండింది. స్టూలు లాక్కుని కూర్చుని, ‘‘నాకే చెప్పు బాబూ, వింటాను’’ అన్నాను. అతను మంచివాడే. అడిగితే ఓపిగ్గా చెప్పాడు. అడగకపోవడమే ఇన్నాళ్ల నా తప్పు.

ముందు బ్రేకు సంగతి చూద్దాం. ఆర్టీసీ బస్సు డ్రైవరు సడన్‌గా బ్రేకేస్తే నిలబడ్డవాళ్లంతా ముందుకి తూలతారు కదా? స్కూటరూ అంతే. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. వెనక చక్రం తేలికైపోతుంది. తేలికైన చక్రాన్ని ఎంత గట్టిగా పట్టి ఏం లాభం? అది ఆగిపోయి జారుతుంది గానీ బండి అనుకున్న చోట ఆగదు. బండిని ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. దాన్ని పట్టొద్దని చెప్పడమంటే మనకున్న బలంలో ఎక్కువ భాగాన్ని వదిలేసుకోమని చెప్పడమే.

మరి జనం పల్టీలు ఎందుకు కొడుతున్నారు? హ్యాండిలు తిప్పి ఉండగా పట్టడం వల్ల, ఇసక మీదా తడి మీదా ఒక్కసారిగా నొక్కేయడం వల్ల, అన్నిటికీ మించి టైరు గుండైపోయి ఉండడం వల్ల. టైరు అరిగితే మార్చుకోవాలి, పట్టడం రాకపోతే నేర్చుకోవాలి. అంతేగానీ బ్రేకే వద్దనడం ఏం వైద్యం?

ఇక చక్రం మార్చడానికి మెకానిక్ మూడు దారులు చెప్పాడు. ఒకటి, సొట్టని సుత్తితో కొట్టి సరిచేయడం. చవకే గానీ బాగా వంగిన రిమ్ము కొట్టినా మళ్లీ గాలి వదలొచ్చు, చక్రం వంకరగా తిరగొచ్చు. రెండోది, వేరే మోడల్ బండిది పాత అల్లాయ్ చక్రం, డిస్కు బ్రేకుతో సహా. చూడ్డానికి జోరుగా ఉంది! కానీ డిస్కు రావాలంటే ఫోర్కు, కాలిపర్, ఆయిలు డబ్బా అన్నీ దానికి సరిపడేవి రావాలి. చక్రం సైజు మారితే మడ్‌గార్డుకి తగలొచ్చు, స్పీడోమీటరు తప్పు చూపించొచ్చు. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా చెబుతోంది. మూడోది, అదే మోడలుకి కంపెనీ ఇచ్చే కొత్త చక్రం. సుత్తి పని కన్నా ఖరీదే అయినా నేను అదే వేయించాను.

ఇంకో మాట. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకి ఏబీఎస్, అంతకన్నా చిన్నవాటికి కనీసం సీబీఎస్ తప్పనిసరి చేశారు. సీబీఎస్ ఉన్న స్కూటర్‌కి ఎడమ బ్రేకు నొక్కితే ముందు చక్రానికీ కొంత బ్రేకు పడుతుంది. చక్రం మార్చేటప్పుడు ఆ తీగ సరిగా కలిపారో లేదో అడగాలి. కలపకుండా వదిలేస్తే మనకి తెలియను కూడా తెలియదు. ఎడమ బ్రేకు ఉందిగా అని కుడిదాన్ని మర్చిపోవడమూ తప్పే.

టైరు మీద అంకెలుంటాయి. చీర కొనేటప్పుడు జరీ తిప్పి చూసే మనం వీటిని చదవలేమా? 90/90-12 అంటే వెడల్పు 90 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో 90 శాతం, రిమ్ము 12 అంగుళాలు. పక్కనే 54 జె అని ఉంటే, ఆ టైరు 212 కిలోల దాకా మోస్తుందనీ, గంటకి 100 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుందనీ అర్థం. బండి పుస్తకంలో ఏ సైజు రాసి ఉందో అదే వేయించుకోవాలి. వెడల్పు టైరు అందంగా ఉంటుంది గానీ ఇరుకు రిమ్ము మీద దాని ఆకారం చెడిపోతుంది. డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 0824 అంటే 2024లో ఎనిమిదో వారం తయారైందని. ఏళ్ల తరబడి షాపులో ఎండిన టైరుని కొత్తదంటే నమ్మక్కర్లేదు. పక్కన బాణం గుర్తుంటే చక్రం అటే తిరగాలి. ‘‘వెనక అరిగిన టైరు ముందుకి వేసేద్దాం, కొత్తది వెనక్కి’’ అంటే మాత్రం ఒప్పుకోకండి. కొత్త టైరు మొదట్లో కాస్త జారుతుంది కాబట్టి కొన్నాళ్లు నెమ్మదిగా నడపాలి.

బ్రేకు విషయంలో డ్రమ్మైతే ఊళ్లో తిరగడానికి చాలు, లైనర్లు అరక్కుండా, తీగ బిగువు సరిగా ఉండేలా చూసుకుంటే. డిస్కు అయితే వేళ్లతో అంత బలంగా నొక్కక్కర్లేదు, తడి త్వరగా వదులుతుంది. చిన్న చేతులున్నవాళ్లకి అది మేలే. కానీ అది బండి కొనేటప్పుడే ఎంచుకోవాల్సిన సంగతి.

అసలు బాధ అక్కడే ఉంది. షోరూముకి ఇంటిల్లిపాదీ వెళతాం. ఏ రంగు కావాలని మనల్ని అడుగుతారు, ఏ బ్రేకు కావాలని ఆయన్ని అడుగుతారు. రంగు వెలిసిపోతే ఎవరికీ దెబ్బ తగలదు కదండీ!

బండి నడపని వాళ్లకీ ఈ మాట వర్తిస్తుంది. మోటారు సైకిలు మీద ఒళ్లో బిడ్డతో పక్కకి తిరిగి కూర్చునేది ఎవరు? వెనక సీటున్న మోటారు సైకిలుకి పట్టుకోడానికి పిడి, కాలు పెట్టుకోడానికి ఆధారం, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికైనా అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. ‘అందం పోతుంద’ని ఆ అడ్డు పీకించేవాళ్లని చూస్తూ ఊరుకుంటున్నాం. ముందు టైరు గుండైందని మనకి కనపడుతూనే ఉంటుంది. ‘‘ఏవండీ, టైరు మార్పించండి’’ అనడానికి మొహమాటం దేనికి?

‘‘ఇంటిపని, ఆఫీసు పని చాలక ఇదొకటా?’’ అంటారు కొందరు. నిజమే, మనకి పనులు తక్కువేం కాదు. చేతులకి గ్రీజు పూసుకోమని నేననడం లేదు. చక్రం బిగించేది మెకానిక్కే. ఏ చక్రం బిగించాలో చెప్పేది మనం కావాలి. డబ్బిచ్చి బయల్దేరే ముందు రెండు బ్రేకులూ నాలుగుసార్లు నొక్కి చూసుకుని, చక్రం ఆడకుండా, రాసుకోకుండా తిరుగుతోందో లేదో చూసుకుంటే చాలు.

ఆ ఆదివారం మా వీధి చివరి ఖాళీ స్థలంలో అరగంట సాధన చేశాను. హ్యాండిలు తిన్నగా పెట్టి, రెండు బ్రేకులూ కలిపి, ముందుది మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ. పల్టీ కొట్టలేదు. బండి నేను అనుకున్న చోట ఆగింది. రేపు మా అమ్మాయి బండి నేర్చుకునేటప్పుడు ‘ముందు బ్రేకు పట్టకు’ అని మా ఇంట్లో ఎవరూ అనరు. మీ ఇంట్లోనూ అననివ్వకండి.