అర్ధరాత్రి ఫోన్‌ని అడిగే ప్రశ్నలు

2006 ఆగస్టులో అమెరికాలో ఏఓఎల్ సంస్థ, పరిశోధకులకు పనికొస్తుందని, సుమారు ఆరున్నర లక్షల మంది తన సెర్చ్‌లో మూడు నెలల పాటు వెతికిన మాటలను ఇంటర్నెట్‌లో పెట్టేసింది. దాదాపు 2 కోట్ల ప్రశ్నలు. పేర్లు తీసేసి అంకెలు వేశాం కాబట్టి ఎవరు ఎవరో తెలియదనుకుంది. కొద్దిరోజులకే న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు ఒక అంకె వెంట వెళ్లి ఒక పెద్దావిడ ఇంటికి చేరుకున్నారు. ఆవిడ వెతికిన మాటలే దారి చూపించాయి.

ఆ జాబితాలో రకరకాల రోగాల పేర్లున్నాయి. చూసినవాళ్లు ఆవిడకి ఆరోగ్యం బాగా లేదనే అనుకుంటారు. నిజానికి వాటిలో చాలావరకు స్నేహితుల భయం తీర్చడానికి ఆవిడ చదివినవి! నన్ను ఈ ఉదంతంలో అన్నిటికంటే కదిలించింది ఇదే. మనం ఫేస్‌బుక్‌లో పెట్టే ఫోటో పదిమంది చూడాలని పెట్టేది. సెర్చ్‌లో రాసేది అలా కాదు. ఇంట్లో చెప్పుకోలేని నొప్పి, డాక్టరు దగ్గర నోరు పెగలని సందేహం, రేపటికి డబ్బు ఎక్కడ పుడుతుందన్న దిగులు అక్కడికి చేరతాయి. అది మనిషి స్వభావం కన్నా అవసరాన్ని ఎక్కువగా బయటపెడుతుంది. అవతల లెక్కలు కట్టేవాళ్లకు మాత్రం ఆ తేడా పట్టదు.

అవసరం తెలిసినవాడి చేతికి ఫోన్ తాళం కూడా దొరికితే ఏమవుతుందో 2020లో తెలంగాణలో చూశాం. కరోనా వల్ల జీతాలు ఆగిపోయిన రోజులు. కాగితాలు అక్కర్లేదు, నిమిషాల్లో డబ్బు అంటూ లోన్ యాప్‌లు వచ్చాయి. డౌన్‌లోడ్ చేయగానే కాంటాక్టులు, ఫోటోలు చూడనివ్వమని అడిగాయి. డబ్బు కోసం ఆత్రంగా ఉన్న మనిషి అన్నిటికీ 'అలౌ' నొక్కాడు. వారం తిరిగి వాయిదా తప్పితే చాలు, మేనమామ నుంచి ఆఫీసు మేనేజరు దాకా అందరికీ 'వీడు దొంగ' అని మెసేజ్‌లు వెళ్లాయి. పరువు పోయిందని కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్‌సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు.

ఆ 'అలౌ' నొక్కుడిని సమ్మతి అని నేను ఒప్పుకోను. గత్యంతరం లేక నొక్కింది అది.

లోన్ యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫైళ్ల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఆదేశించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకా స్పష్టంగా మాట్లాడింది. సేవకు అవసరమైనంత వరకే సమ్మతి చెల్లుతుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: వైద్య సలహా ఇచ్చే యాప్ కాంటాక్టులు కూడా అడిగినప్పుడు మనం సరేనన్నా, ఆ భాగం చెల్లదు. పైగా సమ్మతి అడిగే మాటలను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలు కల్పించాలి. అంటే తెలుగులోనూ. ఈ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి గానీ, కంపెనీల ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు.

అంత గడువు అక్కర్లేదు. తెలుగులో సినిమాలు చూపించగలిగిన ఫోన్, ఏం తీసుకుంటున్నదీ తెలుగులో చెప్పలేదా? ఈలోగా కాంటాక్టులు అడిగే లోన్ యాప్ కనిపిస్తే రిజర్వు బ్యాంకు 'సచేత్' పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. బెదిరింపులు మొదలైతే సిగ్గుపడి దాచుకోకుండా ఇంట్లో చెప్పి, సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి.