పనిముట్ల స్వాతంత్ర్యము

ఒంటిమిట్ట మొదలుకొని రాజంపేట, కోడూరుల వరకు బోరుబావులను నమ్ముకొని అరటి, బొప్పాయి, మామిడి తోటలు పెంచు రైతులందరు నెరిగిన కష్టమొకటి కలదు. నడివేసవిలో మోటారు కాలిపోవును. మూడు ఫేజులలో నొకటి తప్పినచో మిగిలిన రెంటిమీద భారము పెరిగి చుట్లు వేడెక్కి కాలును. బోరులో నీరు దిగిపోయినచో, నీటిచేతనే చల్లబడవలసిన మోటారు వట్టిగా తిరిగి చెడును. ఈ యాపదలను వారించుటకు స్టార్టరు పెట్టెలో అరచేతి యంత పలక యొకటి యుండును. ఆ పలకయే చెడినప్పుడు రైతు దానిని పట్టణమునకు గొనిపోవును. మెకానిక్కు దానిని తిప్పి చూచి, "బోర్డు పోయినది, క్రొత్తది వేయవలెను" అని చెప్పును. నిజమునకు పోయినది బోర్డంతయు కాకపోవచ్చును. కొలది రూపాయల రిలే యొక్కటియో, కెపాసిటరు ఒక్కటియో పోయియుండవచ్చును. కాని యా బోర్డు పటము అతనియొద్ద లేదు. పటము లేనిది రోగమెక్కడనో తెలియదు. తెలియని రోగమునకు మందు లేదు గనుక అవయవమునే మార్చుచున్నాము.

ఇందు మెకానిక్కు తప్పేమియు లేదు. వస్తువును కొనుటకు మాత్రమే అలవాటుపడి, అది యెట్లు పనిచేయునో తెలిసికొనుట మన పని కాదని యూరకుండిన మన యందరి తప్పు ఇందు కలదు. ఈ వారము మేము మా పాఠకుల దృష్టికి దెచ్చు విషయ మిదియే: సర్క్యూటు బోర్డును తనంత తాను గీసి, పరీక్షించి, చేయించుకొనుటకు వలసిన పనిముట్లు నేడు ఎవరి యనుమతియు, ఏ రుసుమును లేకుండ లభించుచున్నవి. వానిని చేపట్టువారు లేకపోవుటయే లోటు.

ఈ విద్య యెట్టిదో కొంచెము వివరింతుము. సర్క్యూటు బోర్డనగా గాజునారతో గట్టిపరచిన పలకపై రాగిరేకు నంటించి, వలసిన దారులను మాత్రము మిగిల్చి తక్కిన రాగిని తొలగించినది. ఆ దారులే తీగలు. వానిపై రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు మొదలగు భాగములను మాటువేసి, అనగా సోల్డరింగు చేసి, నిలుపుదురు. గీయువాడు మొదట ఏ భాగము దేనితో కలియవలెనో చూపు పటమును కంప్యూటరుపై వ్రాయును. పిదప ఒక్కొక్క భాగమునకు పలకపై తావు నిర్ణయించి, రాగిదారులను పరచును. దారికిని దారికిని వలసినంత యెడమున్నదా, ఏ తీగయైన కలియక మిగిలినదా యను సంగతిని సాధనమే తనిఖీ చేసి చెప్పును. తుదకు గెర్బరు అను పద్ధతిలో పత్రములు వెడలును. ఆ పద్ధతి బహిరంగముగా ప్రకటింపబడినది గావున ఏ దేశపు కర్మాగారమైనను వానిని చదివి బోర్డు చేయగలదు. కర్మాగారమునకు పంపలేనివాడు లేసరు ప్రింటరుపై తీసిన నకలును ఇస్త్రీపెట్టెతో రాగిరేకునకు దింపి, ఫెర్రిక్ క్లోరైడు ద్రావణములో ముంచి, యింటనే చేసికొనవచ్చును. ఇందు మాయ లేదు, ఓర్పు కలదు.

ఈ పనికి నేడు లోకములో మిక్కిలి వాడుకలోనున్న స్వేచ్ఛా సాధనము కైక్యాడు. ఫ్రాన్సు దేశమున గ్రెనోబులులో నొక విద్యాలయపు అధ్యాపకుడగు జాన్ పియెర్ షారా 1992 లో దీనిని మొదలిడెను. 2013 నుండి జెనీవాయందలి సెర్న్ పరిశోధనాలయము దీనికి తన యింజనీర్ల సాయమును జేర్చెను. బోర్డుల పటములను లోకమంతయు పంచుకొనుటకై అదే సంస్థ 2011 లో బహిరంగ హార్డువేరు లైసెన్సును ప్రకటించెను. పటమును గీసిన పిదప అది పనిచేయునో లేదో లెక్కవేసి చూచు స్పైసు అను సాధనము 1973 లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున వెలువడి, అందరికి నుచితముగా పంచిపెట్టబడినది. దాని సంతతియే నేటి ఎన్‌జీ-స్పైసు. ఈ రెంటిని కూర్చి మన బొంబాయి ఐ.ఐ.టి. వారు ఈ-సిమ్ అను సాధనమును తయారుచేసి విద్యార్థులకు ఉచితముగా నిచ్చుచున్నారు.

ఉచితమనుట కన్న స్వేచ్ఛ యనుట సరియైనది. 1983 లో రిచర్డు స్టాల్‌మన్ ఆరంభించిన ఉద్యమపు మూలసూత్రము ధర్మముగా దానమిచ్చుట కాదు. సాధనమును వాడుకొనువాడు దాని లోపలి వ్రాతను చదువుటకును, దిద్దుటకును, దిద్దినదానిని ఇతరులకు పంచుటకును హక్కు కలిగియుండుట. ఈ భేదము మాటలలోని సూక్ష్మము మాత్రమే యని తలచువారికి ఇటీవలి యుదాహరణ మొకటి చెప్పుదుము. బోర్డులు గీయు యభిరుచి కలవారనేకులు చిరకాలము ఈగిల్ అను సాధనమును వాడిరి. 2016 లో ఆటోడెస్కు కంపెనీ దానిని కొనెను. 2017 లో, ఒకసారి కొని యుంచుకొను పద్ధతి పోయి, చందా కట్టి వాడు పద్ధతి వచ్చెను. 2026 జూన్ 7 తరువాత అది విడిగా లభింపదని 2023 లోనే ప్రకటింపబడినది. వ్యాపారి తన సరకును మానుకొనుట యతని హక్కు, మేము నిందింపము. కాని యేండ్ల తరబడి ఆ సాధనముతో గీసిన పటములు గలవాని గతి యేమి? ఆ పటములను తెరచి చదువగల శక్తిని కైక్యాడు స్వచ్ఛంద సేవకులు 2018 నాటికే తమ సాధనమున కలవరచి యుండిరి. అద్దెయింటివాడు ఖాళీ చేయవలసివచ్చినప్పుడు ఊరుమ్మడి సత్రము తలుపు తెరచి యుంచినట్లయినది.

ఇక మన సీమ సంగతి. కడప చేరువ కొప్పర్తిలో 540 ఎకరముల ఎలక్ట్రానిక్సు తయారీ కేంద్రమునకు కేంద్ర ప్రభుత్వము 2021 లో ఆమోద మిచ్చినది. మన పిల్లలకు ఇంటికి దగ్గరలో కూలి దొరకుట సంతోషకరమే; గల్ఫు విమానమెక్కుటకంటె నిది మేలు. అయినను ఒక ప్రశ్న వేయక తప్పదు. వేరొకచోట గీసిన బోర్డుపై వేరొకచోట చేసిన భాగములను అమర్చుటతోనే మన పని ముగియునా? అమర్చువానికి దినకూలి, గీసినవానికి వస్తువుపై అధికారము. కర్మాగారము రేపు వేరొక రాష్ట్రమునకు తరలినచో అమర్చువాని చేతిలో మిగులునది అనుభవపత్రము మాత్రమే. గీయనేర్చినవాని విద్య యతనితోనే యుండును.

తెలుగువారికి ఈ విద్య పరాయిది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914 లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు గారు ట్రాంబేలో ఎలక్ట్రానిక్సు విభాగమును నడపి, 1956 లో పనిచేయ నారంభించిన అప్సర రియాక్టరునకు నియంత్రణ పరికరములను దేశమునందే చేయించిరి. 1967 లో హైదరాబాదున ఈ.సి.ఐ.ఎల్. స్థాపింపబడినప్పుడు దానికి ఆద్యులు వారే. ఈసీ టీవీ చూచి పెరిగిన పాఠకులు మనలో నింకను పెక్కురు కలరు. ఆనాడు అట్టి పనికి ప్రభుత్వపు ధనమును, పెద్ద ప్రయోగశాలయు కావలసెను. నేడు పాత కంప్యూటరు ఒకటి, మల్టీమీటరు ఒకటి, సోల్డరింగు ఇనుము ఒకటి యున్నచో తొలి యడుగు వేయవచ్చును.

ఆక్షేపణలు లేకపోలేదు. చైనానుండి వచ్చు బోర్డు మనము చేయుదానికంటె చౌక గదా యని కొందరందురు. నిజమే, మనము గీసిన బోర్డులను గూడ నేడు అచ్చటి కర్మాగారములే తక్కువ వెలకు చేసి పంపుచున్నవి. చిప్పులలో మిక్కిలి భాగము విదేశములనుండియే వచ్చుచున్నవి. వీనిని దాచి గొప్పలు చెప్పుకొనుట దేశభక్తి కాదు. కాని పటము మనదైనచో ఈ కర్మాగారము కాకున్న వేరొకదానియందు చేయించవచ్చును; చెడినప్పుడు బాగుచేయవచ్చును; మన బోరునకు తగినట్లు మార్చవచ్చును. మద్రాసు ఐ.ఐ.టి. వారు శక్తి యను ప్రాసెసరును బహిరంగ పద్ధతిపై రూపొందించి చిప్పు నందును స్వేచ్ఛ సాధ్యమే యని చూపియున్నారు. మరియొక హెచ్చరిక మేమే చెప్పవలయును. మూడు ఫేజుల కరెంటు ఆటవస్తువు కాదు. నేర్చుకొనువాడు అయిదు వోల్టుల బ్యాటరీతో, దీపముతో, నీటిమట్టము తెలుపు గంటతో మొదలిడవలెను. స్టార్టరు పెట్టెలో చేయి పెట్టుట అనుభవజ్ఞుని యెదుటనే జరుగవలెను.

మరి యెచ్చట నేర్చుకొనవలెను? హైదరాబాదున 2023 మార్చి 2 న ప్రారంభమైన టీ-వర్క్సు వంటి శాలలు మిక్కిలి మెచ్చదగినవి. కాని ఒంటిమిట్ట కుర్రవాడు నాలుగువందల కిలోమీటర్లు పోయి నేర్చుకొనుమనుట న్యాయము కాదు. 2016 నుండి ఉన్నత పాఠశాలలకు వచ్చుచున్న అటల్ టింకరింగు లాబులు మంచివే. పరికరములు బీరువాలో తాళముక్రింద నుండక పిల్లల చేతులలో నుండవలెను. వీనికి తోడు మేము సూచించునది గ్రంథాలయము. 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది మొదలు తెలుగునాట పఠనాలయము ప్రజలకు పాఠశాల కాని పాఠశాలయై వెలసినది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సెస్సు మనమందరము కట్టుచునే యున్నాము. పత్రికలు పరచు బల్ల ప్రక్కనే పనిబల్ల యొకటి వేయుటకు అభ్యంతర మేమి?

ఆ బల్లమీద నాలుగు కార్యములు జరుగవలెనని మా కోరిక. ఆదివారపు ఉదయములలో ఊరి ఎలక్ట్రీషియన్లును, ఐ.టి.ఐ. చదివినవారును, సెలవులకు వచ్చు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ విద్యార్థులును చిన్నవారిని కూర్చుండబెట్టి నేర్పవలెను. చెడిన స్టార్టరు బోర్డులను తెచ్చి, విప్పి, వాని పటములను వ్రాసి దాచవలెను. క్రొత్తగా గీసిన ప్రతి పటమును గీసినవాని పేరుతో అందరికి నందుబాటులో నుంచవలెను. ఈ పాఠములన్నియు తెలుగున నుండవలెను. కంప్యూటరు మాటలను తెలుగు చేయుట యసాధ్యమనువారికి స్వేచ్ఛ సంస్థవారు తెలుగు తెరతో తెచ్చిన లినక్సే సమాధానము. రిలే, కెపాసిటరు అను మాటలు అట్లే యుండనిండు; వాని పని యేమో తల్లిభాషలో చెప్పినచో చాలును.

ధనమెక్కడనుండి వచ్చునని యడుగువారికి ఒంటిమిట్ట వాసులే జవాబు చెప్పగలరు. శిథిలమైన కోదండరాముని కోవెలను బాగుచేయించుటకు వావిలికొలను సుబ్బారావు గారు టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర తిరిగి కాసు కాసు కూర్చిరి. జమీందారుని సనదు కొరకు వారు వేచియుండలేదు. చిప్పలో నెవడెంత వేసెనో యెవరు నడుగలేదు. కోవెల మాత్రము నిలిచినది. స్వేచ్ఛా సాధనములును అట్లే, ఎక్కడెక్కడివారో తలకొక కొంచెము పని వేయగా నిండినవి. ఇంతవరకు ఆ చిప్పనుండి మనము తీసికొనుటయే కాని వేసినది స్వల్పము.

రానున్న వేసవిలో ఒంటిమిట్ట రైతు ఒకడు చెడిన పలకను చేతబట్టుకొని పఠనాలయమునకు వచ్చి, అచ్చటి పిల్లవానితో "నాయనా, దీని పటము చూడుము" అని యడుగు దినము రావలెను. ఆ పిల్లవాడు "పోయినది రిలే యొక్కటే, పెద్దయ్యా" అని చెప్పగలిగినచో ఈ వ్యాసము వ్రాసిన శ్రమ మాకు ఫలించినట్లే. ఆ బల్ల వేయుటకు పూనుకొను పఠనాలయ కార్యదర్శి యెవరో, వారి పేరు కొరకు మేము ఎదురుచూచుచున్నాము.