పచ్చిక క్రింది మడ్డి

ఇంగ్లండులో మెర్సీ నది ఒడ్డున విడ్నెస్ అను పట్టణము కలదు. అక్కడ స్పైక్ ఐలండు అనబడు చోట నేడు పచ్చికయు, చెట్లును, కాలువగట్టు వెంబడి నడకదారియు కనబడును. 1847లో జాన్ హచిన్సన్ తన రసాయన కర్మాగారమును నెలకొల్పినది ఈ ప్రాంతముననే. ఒకప్పుడు చెట్టు బ్రతుకలేని చోట ఇప్పుడు పిల్లలు ఆడుకొనుచున్నారు. ఇది సంతోషింపదగినదే. కాని పాత కర్మాగారమును పచ్చికతో కప్పినంత మాత్రమున దాని చరిత్రను కూడ కప్పివేయరాదు.

సబ్బుకు, గాజుకు సోడా కావలెను. ఫ్రాన్సు దేశీయుడగు నికొలాస్ లెబ్లాంక్ 1791లో దానిని ఉప్పునుండి తీయు మార్గమునకు పేటెంటు పొందినాడు. ఉప్పును గంధకామ్లముతో కాచి, వచ్చిన దానిని బొగ్గుతోను, సున్నపురాయితోను కాల్చి, నీటిలో కరగించి వడియగట్టినచో సోడా లభించును. అయితే మొదటి మెట్టున హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి లేచును. చివరి మెట్టున గంధకముతో కూడిన మడ్డి మిగులును. ఆవిరి చుట్టుప్రక్కల చెట్లను, పైరులను మాడ్చినది. మడ్డి గుట్టలై, తడిసినప్పుడు కుళ్ళిన గ్రుడ్ల కంపు కొట్టినది. కొలుముల వద్ద పనిచేయువారి పళ్ళను ఆమ్లము తినివేసినది. బ్లీచింగ్ పౌడరు నింపు కూలీలు ముక్కును, నోటిని ఫ్లానెలు గుడ్డ మడతలతో బిగించి కట్టుకొని పనిలోనికి దిగెడివారు.

దీనికి యజమానులకు తోచిన ఉపాయము పొగగొట్టమును ఎత్తు చేయుట! గ్లాస్గోలోని సెయింట్ రోలక్స్ కర్మాగారమున 1842లో లేచిన గొట్టము ఎత్తు 430 అడుగులకు మించినది. దానివలన విషము తగ్గలేదు. దగ్గరి పొలమును విడిచి దూరపు పొలమును చేరినది.

నిజమైన ఉపాయము అప్పటికే ఉన్నది. 1836లో విలియం గాసేజ్ ఒక పాడుబడిన గాలిమరలో కంపలు నింపి, పైనుండి నీరు జార్చి, ఆవిరిని ఆ నీటిలో పట్టివేసినాడు. అయినను అది ప్రతి కర్మాగారమునకు తప్పనిసరి కాలేదు. నూటికి 95 పాళ్ళు ఆవిరిని పట్టి తీరవలెనని శాసించిన ఆల్కలీ చట్టము 1863లో గాని రాలేదు. రాబర్ట్ ఆంగస్ స్మిత్ తొలి తనిఖీ అధికారిగా నియమింపబడినాడు. ఆ నడుమ గడచిన 27 ఏండ్లలో లోపించినది విజ్ఞానము కాదు, శాసనము.

ఇట్టి శాసనములు పరిశ్రమను చంపునని వాదించువారు నాడును కలరు, నేడును కలరు. విడ్నెస్ చరిత్ర అందుకు విరుద్ధముగా పలుకుచున్నది. పట్టిన ఆమ్లమును మొదట చాలమంది వాగులలోనికి వదలినారు. గాలిని కాపాడిన చట్టము నీటిని మరచినది. అది దాని లోపమే. పిమ్మట వాల్టర్ వెల్డన్, విడ్నెస్‌లోనే హెన్రీ డీకన్, ఆ ఆమ్లమునుండి క్లోరిను తీయు పద్ధతులను కనిపెట్టినారు. దానితో బ్లీచింగ్ పౌడరు తయారైనది. సాల్వే పద్ధతి వచ్చి సోడాను చౌక చేసినప్పుడు, లెబ్లాంక్ కర్మాగారములను కొన్ని దశాబ్దములపాటు నిలబెట్టినది ఈ క్లోరినే. గాలికి వదలిన సొమ్మును చట్టము వారి పెట్టెలోనికే త్రిప్పినది!

గాసేజ్ సబ్బు కర్మాగారపు పాత కార్యాలయ భవనమున 1989లో కెటలిస్ట్ అను ప్రదర్శనశాల తెరవబడినది. పాత భవనమును ఇట్లు నిలుపుకొనుట మెచ్చదగిన పని. అయితే పాత పరిశ్రమను చూడబోయినవారు యంత్రములకును, శాస్త్రజ్ఞుల మేధకును అబ్బురపడి మరలిపోయినచో ఆ చూపు సగము చూపే. పళ్ళు పోగొట్టుకొన్న కూలిని, మాడిన పైరు గల రైతును కూడ తలచుకొనవలెను. ఉపాయము తెలిసియు దానిని అమలుపరుపక గడిపిన కాలమునకు మూల్యము చెల్లించినది వారే. ఏ దేశమునందైనను కొత్త కర్మాగారమునకు అనుమతి నిచ్చు అధికారి మొదట అడుగవలసిన ప్రశ్న గొట్టము ఎంత ఎత్తు అని కాదు. అందులోనికి పోకుండ ఏమి పట్టుచున్నారని.